గౌళ రిషభానికి అడ్రసు

ఆదివారం పొద్దున నాచారం హెచ్ఎంటీ నగర్‌లో మా టీచర్ ఇంట్లో వీణ క్లాసు. ఉప్పల్‌లో ఆఫీసు, నాచారంలో అద్దె ఇల్లు. వారం మొత్తంలో నేను హారన్ కొట్టకుండా చేసే ప్రయాణం అదొక్కటే. మూడు నెలల కిందట రాత్రుళ్ళు కూర్చుని ఫోన్‌కి ఒక చిన్న ట్యూనర్ రాశాను. షడ్జం ఎంతో ముందు చెప్పాలి. ఆ తర్వాత వాయించే స్వరం దానికి ఎన్ని సెంట్ల దూరంలో ఉందో చూపిస్తుంది. ఇరవైరెండు శ్రుతుల పట్టికలో ఏదో ఒకదాని దగ్గర నిలబడితే పచ్చ, లేకపోతే ఎరుపు. టీచర్‌కి చూపించాలన్న సరదా కొద్దీ గౌళ వాయించమన్నాను. రిషభం దగ్గరికి వచ్చేసరికి ఎరుపు. మళ్ళీ వాయించారు. మళ్ళీ ఎరుపే. యాభై ఏళ్ళుగా ఆ రాగం వాయిస్తున్న వేలిని నా కోడు తప్పు పట్టింది.

"నీ ఫోన్‌కి గౌళ రాదేమో నాయనా, నేర్పించు," అన్నారావిడ, కళ్ళజోడు సర్దుకుంటూ.

నవ్వేశాను గానీ లోపల గుచ్చుకుంది. బగ్ ఎక్కడుందో వెతకడం నా ఉద్యోగం. పైగా ఇంకో సంగతి ఉంది. టీచర్ త్వరలో బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. చెయ్యి కొంచెం వణుకుతోంది కూడా. ఆవిడ వెళ్ళాక నా దగ్గర మిగిలేవి కొన్ని రికార్డింగులు, ఒక పాత నోటుపుస్తకం. ఆ పుస్తకంలో గౌళ ఉంది. 'రి' అని ఉంది. ఏ రి?

మొదట లెక్క చూద్దాం. షడ్జం 240 హెర్ట్జ్ అనుకోండి. శుద్ధ రిషభాన్ని 16/15 నిష్పత్తి అంటే 256 అవుతుంది. 256/243 అంటే 252.84. పియానోలాగా పన్నెండు సమాన భాగాలు చేస్తే 254.27. మూడూ మూడున్నర హెర్ట్జ్ లోపలే ఉన్నాయి. అష్టకాన్ని 1200 భాగాలు చేసి కొలిచే సెంట్ల పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ ఎల్లిస్ ఇచ్చాడు. దాని ప్రకారం ఇవి వరసగా 112, 90, 100. చివర పాయింట్లు వదిలేశాను. మొదటి రెండిటి మధ్య తేడా 81/80, అంటే దాదాపు 21.5 సెంట్లు. దీన్నే మన పుస్తకాలు ప్రమాణ శ్రుతి అంటాయి. శుద్ధ నిష్పత్తుల సంగీతం రాసే పాశ్చాత్యులకీ ఇదే పేచీ. బెన్ జాన్‌స్టన్ ఈ 81/80 కోసం మామూలు స్టాఫ్ నొటేషన్ మీద ఒక ప్లస్సు, ఒక మైనస్సు చేర్చాడు. తర్వాత మార్క్ సాబట్, వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ష్వైనిట్జ్ కలిసి షార్ప్, ఫ్లాట్ గుర్తులకే బాణాలు తగిలించారు. చక్కటి పద్ధతులు. గుర్తు చూస్తే నిష్పత్తి వస్తుంది, నిష్పత్తి నుంచి హెర్ట్జ్ వస్తాయి. ఇంజనీర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

మన పేర్లు ఇలా ఉండవు. ఇరవైరెండు శ్రుతులకి శార్ఙ్గదేవుడు పదమూడో శతాబ్దంలో, దేవగిరిలో రాసిన 'సంగీత రత్నాకరం'లో పేర్లున్నాయి: తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి, దయావతి, రంజని, రక్తిక... చివర ఉగ్ర, క్షోభిణి. హాజరు పట్టీలో అమ్మాయిల పేర్లలా ఉంటాయి. వీటిని మళ్ళీ దీప్త, ఆయత, కరుణ, మృదు, మధ్య అని ఐదు జాతులు చేశారు. పేరు చూస్తే దూరం తెలియదు, ఒక మనఃస్థితి మాత్రం తెలుస్తుంది. నాకు ఈ పేర్లంటే ఇష్టమే గానీ, ఏ విద్వాంసుడూ కచేరీకి ముందు "ఇవాళ దయావతి కొంచెం తగ్గింది" అనగా నేను వినలేదు. ఇవి అలమరాలో పట్టుచీరల్లాంటివి.

కట్టుకునే పేర్లు వేరే ఉన్నాయి. చతుశ్శ్రుతి రిషభం, షట్‌శ్రుతి ధైవతం. వీటిలో అంకె ఉంది కాబట్టి కొలత అనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. 1550లో విజయనగరంలో, అళియ రామరాయల ఆశ్రయంలో 'స్వరమేళకళానిధి' రాసిన రామామాత్యుడు శుద్ధ గాంధార స్థానంలో పలికే రిషభాన్ని పంచశ్రుతి రిషభం అన్నాడు. పాత లెక్కలో రిషభానికి మూడు శ్రుతులు, గాంధారానికి రెండు, మొత్తం ఐదు. ఇప్పుడు అదే స్థానం చతుశ్శ్రుతి రిషభం. పేరులో ఒక శ్రుతి ఊడిపోయింది, స్వరస్థానం మాత్రం ఉన్నచోటే ఉంది. మా ఆఫీసులో ఇలాంటి వేరియబుల్ పేరు ఉంటే కోడ్ రివ్యూలో తన్నులాటే.

నిష్పత్తుల పట్టికలు భరతుడివి కావన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. 'నాట్యశాస్త్రం'లో ఉన్నది రెండు వీణల ప్రయోగం. ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ చెవితో పోల్చుకోవడం. అందులో భిన్నాలు లేవు. నేను ట్యూనర్‌లో పెట్టిన పట్టికలాంటివి 1910 ప్రాంతంలో కె.బి. దేవల్ వంటివాళ్ళు శ్రద్ధగా కట్టినవి. అబ్రహాం పండితర్ వీటిని ఒప్పుకోలేదు. 1916లో బరోడా సంగీత సమావేశానికి వెళ్ళి, ఇరవైరెండు కాదు ఇరవైనాలుగు అని వాదించాడు. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు. నేనేమో అందులో ఒక పక్షాన్ని తీసుకుని, ఎరుపూ పచ్చా రంగులు పూసి, మా టీచర్ ముందు పెట్టాను.

వాయించేవాళ్ళు నిజంగా వాడే పేర్లు ఏమిటో గమనిస్తే ఒక చిత్రం కనబడుతుంది. "గౌళ రిషభం". "తోడి గాంధారం". "బేగడ మధ్యమం". "వరాళి మధ్యమం". స్వరానికి ఇంటిపేరు రాగం. ప్రోగ్రామింగ్‌లో దీన్ని నేమ్‌స్పేస్ అంటాం. ఒకే పేరు రెండు చోట్ల ఉండొచ్చు, ఏ ఇంట్లోదో చెబితే గొడవ లేదు. సూక్ష్మ స్వరాలకి మనవాళ్ళు పెట్టిన పేర్లలో ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనపడలేదు. చిక్కల్లా ఒకటే. ఆ ఇల్లు తెలియనివాడికి ఈ అడ్రసు పనికిరాదు. పిన్‌కోడ్ లేదు, పక్క సందులో అడగాలి.

అలా అడగక్కర్లేకుండా రాయాలని చూసినవాడు సుబ్బరామ దీక్షితులు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తమిళ ఊళ్ళో తెలుగు లిపిలో వచ్చిన మహాగ్రంథం. చిన్నస్వామి ముదలియారు పట్టుపట్టడం, ఎట్టయపురం సంస్థానం ఖర్చు భరించడం లేకపోతే అది వచ్చేది కాదు. ముదలియారు మన కృతుల్ని స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేయాలని తంటాలు పడ్డవాడు. దీక్షితులు మాత్రం సరిగమలే ఉంచి, వాటి నెత్తిన గుర్తులు పెట్టాడు. కంపితానికి అలలాంటి గీత, ఏట్ర జారుకి పైకి వాలిన గీత, ఇఱక్క జారుకి కిందికి వాలింది. నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒడుక్కల్, ఒరికై. పుస్తకం తెలుగు, గుర్తుల పేర్లలో సగం తమిళం. పండితులు పెట్టిన పేర్లలా కాకుండా వీణ దగ్గర కూర్చున్న చేతికి తోచినవాటిలా ఉంటాయి. (అంతకు మూడు వందల ఏళ్ళ ముందే, 1609లో, 'రాగవిబోధ'లో సోమనాథుడు వీణ వాదనకి ఇరవైకి పైగా గుర్తులు కల్పించాడు. ఆ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.)

ఆ గమక చిహ్నాల్లో ఒక్కటీ నిష్పత్తి కాదు. ఏది పలకాలో కాదు, ఏం చెయ్యాలో చెబుతాయి. వళి అంటే మెట్టు మీద తీగని వంపుగా లాగు. ఒడుక్కల్ అంటే కింది స్వరం మెట్టు మీదే ఉండి, లాగి పై స్వరం తెప్పించు.

ఈ చివరిది చదివాకే నా బగ్ దొరికింది. వీణ మెట్లు మైనంలో బిగించి ఉంటాయి, కదలవు. తీగని లాగితే స్వరం పైకే పోతుంది, కిందికి రాదు. రిషభం మెట్టు 112 సెంట్ల దగ్గర ఉంటే, దాని మీద ఎన్ని తంటాలు పడ్డా 90 దగ్గరి రిషభం రాదు. దిగువనున్న షడ్జం మెట్టు మీద వేలుంచి లాగాలి. మరుసటి ఆదివారం టీచర్ వేలు చూశాను. గౌళలో కొన్ని చోట్ల ఆవిడ రిషభం మెట్టు జోలికే పోవడం లేదు. ట్యూనర్ గీత గీసి చూస్తే ఆ రిషభం ఒక చోట నిలబడే వస్తువు కాదు. షడ్జాన్నుంచి లేచి, ఎక్కడో ఒక క్షణం ఆగినట్టు అనిపించి, తిరిగి షడ్జంలోకి పడుతుంది. నా కోడు ఆ లేవడాన్నీ పడటాన్నీ కలిపి సగటు తీసి, ఆ సగటుకి మార్కులేసింది. గౌళ రిషభం 256/243 అని రాస్తే అబద్ధం కాకపోవచ్చు. షడ్జం నుంచి లాగు అని రాస్తే మాత్రం నాలాంటివాడు కూడా వాయించగలడు.

అలాగని దీక్షితుల్ని నెత్తిన పెట్టుకోవడమూ కుదరదు. కంపితం అల ఎంత వెడల్పు? స్వరం కాలంలో ఎన్ని ఊపులు? పైన ఎంతసేపు, కింద ఎంతసేపు? ఆ గీత చెప్పదు. తోడి గాంధారానికీ ఇంకో రాగంలో చిన్న ఊపుకీ అదే అల. ఆయనకి ఆ తేడా చేతిలో ఉంది కాబట్టి కాగితం మీద అక్కర్లేదనిపించి ఉంటుంది. తెలిసినవాడు తెలిసినవాళ్ళ కోసం రాసినట్టు రాశాడు. మనం రాసే డాక్యుమెంటేషన్ కూడా అంతే, రాసినవాడు ఉద్యోగం మారేదాకా దాని లోపం బయటపడదు. నాకు కావలసింది ఆయన గుర్తులూ, వాటి కింద ఎక్కడ మొదలై ఎంత ఎక్కి ఎంతసేపు నిలిచిందో చెప్పే సెంట్ల గీతా, రెండూ.

ఎరుపు, పచ్చ తీసేశాను. ఇప్పుడు ట్యూనర్ గీత మాత్రం గీస్తుంది, వేలు ఏ మెట్టు మీద ఉందో నేను చేత్తో నింపుతాను. నాలుగు ఆదివారాల్లో గౌళ, తోడి అయ్యాయి, బేగడ సగం అయింది. టీచర్ నోటుపుస్తకంలో గౌళ పేజీలో ఒక 'రి' కింద పెన్సిల్‌తో చిన్న సున్న ఉంది. దీక్షితుల గుర్తుల్లో అది లేదు. ఏమిటని అడిగితే చాలాసేపు చూశారు.

"మా గురువుగారు పెట్టమన్నారు. ఎందుకో అప్పుడు తెలుసు," అన్నారు.

తర్వాత ఆ పంక్తి వాయించారు. చెయ్యి వణికింది, మళ్ళీ వాయించారు. రెండు గీతలూ ఉంచాను.