వంతకు చోటిచ్చే పాట

సొంతంగా పాట కట్టి, తానే తీగ మీటుతూ, ముప్ఫై నలభై మంది మధ్య చాప మీద కూర్చొని పాడే కళాకారులు బెంగళూరులో ఈ ఇరవై ఏళ్ళలో బాగా పెరిగారు. సినిమా పిలుపు కోసం ఆగరు, పెద్ద కంపెనీ ఆల్బమ్ వేస్తుందని ఎదురుచూడరు. పుస్తకాల షాపులోనో, నాటకశాల ఆవరణలోనో, తెలిసినవాళ్ళ మేడ మీదనో శనివారం సాయంత్రం పాడతారు. ఆంగ్ల పత్రికలు వీళ్ళను ‘ఇండీ’ గాయకులంటాయి. పేరు కొత్తదైనా పని పాతదే. మాట, బాణీ, గొంతు మూడూ ఒక్కరివే అయితే వాగ్గేయకారుడనడం తెలుగువాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. ఆ పాట సభలో కాకుండా రచ్చబండ దగ్గర, ఏకతార మీద, వేదాంతాన్ని వంటింటి మాటల్లో చెబితే దాన్ని తత్వం అన్నారు. బెంగళూరు చిన్న కచేరీల పాటకు దగ్గరి చుట్టం ఈ తత్వమే.

ఆ చుట్టరికం ఊహించి చెప్పేది కాదు. బెంగళూరుకు ఈశాన్యాన, చింతామణి తాలూకాలో కైవారం ఉంది. 1726లో పుట్టారని చెప్పే నారాయణప్ప, అందరూ పిలిచే పేరు కైవార తాతయ్య, అక్కడ గాజులమ్మి బతికిన మనిషి. కన్నడ దేశంలో ఉంటూ తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టి, అమరనారేయణ ముద్రతో ముగించారు. భజన బృందాలు వాటిని ఇప్పటికీ పాడుతున్నాయి. గురుపూర్ణిమకు కైవారంలో మూడు రోజుల పాటు సంగీతం సాగుతుంది. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ పాట ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగిసినా వినేవాళ్ళకు వింతగా ఉండదు.

కన్నడంలో ఆ స్థానం శిశునాళ షరీఫ్‌ది (1819–1889). హావేరి ప్రాంతపు ముస్లిం కుటుంబంలో పుట్టి, గోవింద భట్టును గురువుగా ఎంచుకొని, కారే ఇంటికప్పు మీదా హుక్కా మీదా తత్వపదాలు కట్టిన కవి. 1990లో టి.ఎస్. నాగాభరణ తీసిన ‘సంత శిశునాళ షరీఫ’ సినిమాతో, సి. అశ్వత్థ్ కట్టిన బాణీలతో ఆ పదాలు పట్టణాల ఇళ్ళలోకి వచ్చాయి. ఆ సినిమా పెద్ద మలుపే, కానీ దాన్ని విన్న పిల్లలు పెద్దయ్యాక చేసిన పని ఇంకా విలువైనది. మైసూరులో పెరిగి బెంగళూరు చేరిన రఘు దీక్షిత్ 2008లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌లో షరీఫ్ పదాలను గిటార్ మీద, తన సొంత పాటల పక్కనే పెట్టారు. ఆయన తమ్ముడు వాసు దీక్షిత్ పాడే ‘స్వరాత్మ’ బృందం 2009లో మొదటి ఆల్బమ్ వెలువరించింది. ఇద్దరూ తర్వాత పెద్ద వేదికలకు వెళ్ళారు. కానీ పూర్వకవి పదమూ తన పదమూ ఒకే సాయంత్రం, ఒకే గొంతుతో పాడవచ్చన్న ధైర్యం చిన్న గదుల్లో పాడేవాళ్ళకు వాళ్ళ నుంచే వచ్చింది.

ఈ చిన్న కచేరీల పాటలో తత్వపదం మొదటి పాయ అయితే, రెండో పాయ బెంగళూరులోని సృష్టి డిజైన్ కళాశాల నుంచి వచ్చింది. అక్కడ షబ్నమ్ విర్మానీ 2003లో కబీర్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. కబీరును వెతుక్కుంటూ నాలుగు డాక్యుమెంటరీలు తీశారు. ఆ తిరుగుడులో మాళ్వా గాయకుడు ప్రహ్లాద్ సింగ్ టిపానియా దగ్గర కూర్చొని, కెమెరా పట్టిన చేతితోనే ఐదు తీగల తంబూరా పట్టడం నేర్చారు. సినిమా తీసే మనిషి పాడే మనిషిగా మారడం బెంగళూరులో చాలామందికి దారి చూపింది. సంగీతం చిన్నప్పటినుంచీ నేర్చుకోకపోతే నోరు విప్పకూడదన్న జంకు పోయింది.

మూడో పాయ ఉద్యమాలది. దళిత సంఘర్ష సమితి సభల్లో సిద్ధలింగయ్య, కోటిగానహళ్ళి రామయ్య పాటలు గొంతు నుంచి గొంతుకు పాకాయి. తెలుగు నేల మీద వంగపండు, గద్దర్ చేసిన పని లాంటిదే ఇది.

ఇక పాట కట్టే విద్య. మొదటి మెట్టు వరస. జానపద గాయకుడు కొత్త పాటకు కొత్త బాణీ వెతకడు, ఊరికి తెలిసిన వరసను ఎత్తుకుంటాడు. బాణీ ముందే తెలిస్తే వినేవాడి మనసంతా మాట మీదే ఉంటుంది. ఇది మనకే పరిమితం కాదు. అమెరికా గాయకుడు వుడీ గథ్రీ 1940లో రాసిన ప్రసిద్ధ గీతానికి కార్టర్ కుటుంబం పాడిన పాత భజన వరసనే వాడుకున్నాడు. బాబ్ డిలన్ తొలినాళ్ళ పాటల్లో ఒకటి బానిసల కాలపు నల్లజాతి గీతం నుంచి వచ్చింది. బెంగళూరులో కూర్చొని ఐటీ ఉద్యోగం మీదా, ఎండిన చెరువు మీదా పాట రాసేవాడికి కోలాటం వరస దొరికితే సగం పని అయినట్టే.

రెండోది పల్లవి కొలత. ఒక్క ఊపిరిలో అయిపోవాలి, ఐదారు స్వరాల పరిధి దాటకూడదు. మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడతారు. ఇద్దరూ కలిసి అందుకోవాలంటే పాట మరీ పైకి పోకూడదు, మరీ కిందికి దిగకూడదు. గొంతు ఎంత పైకి పోగలదో చూపించాలన్న ఆశను గాయకుడు ఇక్కడ వదులుకోవాలి. చరణంలో తన విద్య చూపించుకోవచ్చు, పల్లవి మాత్రం గదిలో ఉన్నవాళ్ళది.

ఆ పల్లవిని అప్పగించే తీరు దగ్గరగా చూడదగ్గది. గాయకుడు మొదట రెండు సార్లు పూర్తిగా పాడతాడు. అప్పుడు ఎవరినీ పాడమని అడగడు. మొదటి చరణం తర్వాత పల్లవి మొదటి సగం తాను పాడి, రెండో సగం దగ్గర తీగ మాత్రం మీటుతూ తలెత్తి చూస్తాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు గొణుగుతారు. రెండో చరణం తర్వాత గొణుగుడు గొంతవుతుంది. మూడోసారికి వాయిద్యం కూడా ఆపేస్తాడు. ఆ నిశ్శబ్దంలో నలభై గొంతులు ఒకదాన్నొకటి విని సర్దుకుంటాయి, శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా. చప్పట్లు కొట్టండని అడిగి మొదలుపెట్టే గాయకుడికి ఈ క్షణం దొరకదు.

ఇది బుర్రకథ చూసినవాళ్ళకు కొత్తేమీ కాదు. నడుమ కథకుడు భుజాన తంబుర, వేలికి అందెలు, రెండు పక్కలా డక్కీలతో వంతలు. వంత లేకపోతే కథకుడు ఒంటరివాడే. చిన్న కచేరీలో వంతలు టికెట్టు కొనుక్కొని వచ్చి ఎదురుగా కూర్చుంటారు, తేడా అంతే.

భాష కూడా ఇందుకు సాయం చేస్తుంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, కన్నడ మాటలూ చాలావరకు అంతే. అచ్చును ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు, హల్లు దగ్గర నోరు మూసుకోవాల్సిందే. ఇంగ్లీషులో మొదలుపెట్టిన కుర్రకారు గాయకులు కొన్నాళ్ళకు ఇంటి భాషకు తిరిగి రావడానికి అభిమానంతో పాటు ఈ సుఖం కూడా ఒక కారణం. నడక చూసినా అంతే. మూడు మాత్రల త్ర్యశ్రగతి రెండు భాషల పల్లెపాటల్లోనూ విరివిగా ఉంది. గిటార్ మీద ఆరు లెక్కల దెబ్బతో అది ఇట్టే కలుస్తుంది, దంపుడు పాటకూ పడవ పాటకూ కూడా.

గిటార్‌తో చిక్కు వేరే చోట వస్తుంది. మామూలు శ్రుతిలో మొత్తం కార్డు మోగిస్తే గాంధారం కూడా మోగుతుంది. పాటలోని రాగం సాధారణ గాంధారం అడుగుతుంటే, కార్డు అంతర గాంధారం వినిపిస్తే రెండూ కొట్టుకుంటాయి. అనుభవం ఉన్నవాళ్ళు కార్డు నుంచి గాంధారాన్ని తీసేసి షడ్జమం, పంచమం మాత్రమే మోగిస్తారు. కొందరు తీగల శ్రుతినే మార్చుకుంటారు. ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రేమ్ 1960ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతిలో ఆరు తీగల్లో మూడు షడ్జమం, రెండు పంచమం, ఒకటి మధ్యమం. గాంధారం ఎక్కడా లేదు. అన్ని తీగలూ ఒక్కసారి మీటితే తంబురా వినిపిస్తుంది, దాని మీద సాధారణ గాంధారమైనా అంతర గాంధారమైనా నిలబడుతుంది. మొరాకోలో విన్న ఊద్ వాయిద్యంతో కలిసి వాయించడానికి గ్రేమ్ పట్టిన దారి బెంగళూరులో షరీఫ్ పదానికి అక్కరకొచ్చింది. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పఠాభి స్థిరపడింది ఈ ఊళ్ళోనే, ఆయన కొడుకు కోనార్క్ రెడ్డి ఇక్కడ గిటారిస్టుగానే పేరు తెచ్చుకున్నారని తెలుగు పాఠకులు గుర్తు చేసుకోవచ్చు.

తాళవాద్యం ఎంపిక గదిని బట్టి ఉంటుంది. కన్నడంలో తమటె అనే డప్పు ఆరుబయటి వాయిద్యం. మంట దగ్గర కాచి చర్మం బిగిస్తే గాని ఖంగున పలకదు, పలికిందంటే నాలుగు గోడల మధ్య గొంతు వినపడదు. చిక్కబళ్ళాపురం జిల్లా పిండిపాపనహళ్ళి మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ వచ్చింది ఈ తమటెతోనే. గదిలో దాని బదులు కంజిరో, పెరూ దేశం నుంచి వచ్చిన కహోన్ అనే చెక్కపెట్టో వాడతారు. పెట్టె మీద కూర్చొని దాని ముఖాన్నే అరచేతులతో వాయించడం చూడటానికి బాగుంటుంది గానీ, తమటె ఎక్కి దిగే నడక దాని మీద అంతగా పలకదు. ఆ లోటు లోటే.

మైకు లేని గది విద్యను ఇంకా మారుస్తుంది. గుసగుసగా పాడితే వెనక వరసకు మాట చేరదు, అరిస్తే ముందు వరస ఇబ్బంది పడుతుంది. ముక్కు పైన, నుదుటి వైపు గొంతును నిలిపి పాడే పల్లె పద్ధతికి మైకు అవసరం తక్కువ. సినిమా పాట విని మెత్తగా పాడటం అలవాటైనవాళ్ళు దీన్ని కష్టపడి నేర్చుకోవాల్సి వస్తుంది. పాటకూ పాటకూ మధ్య చెప్పే మాట కూడా విద్యలో భాగమే. పదం ఎవరిది, ఎవరి నోట విన్నారు, కష్టమైన మాటకు అర్థమేమిటి అని నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఐదోది చెబితే పాట వేడి చల్లారిపోతుంది.

ఈ చిన్న గదులు పెరగడానికి ఊరి చట్టాలు కూడా కారణం. బహిరంగ వినోద స్థలాలకు లైసెన్సు తప్పనిసరి చేసిన 2005 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018 జనవరిలో సమర్థించింది. ఆ తర్వాత పోలీసుల తనిఖీలతో చాలా పబ్బులూ రెస్టారెంట్లూ ప్రత్యక్ష సంగీతం ఆపేశాయి. 2013లో ఇందిరానగర్‌లో మొదలై కొత్త బృందాలకు ఆసరాగా నిలిచిన ‘ది హమ్మింగ్ ట్రీ’ 2019లో మూతపడింది. మైకూ మద్యం లేని చోట్లు నిలిచాయి. జేపీ నగర్‌లో 2004లో తెరిచిన రంగశంకర చుట్టూ, ఆట్ట గలాట్టా లాంటి పుస్తకాల షాపుల్లో, 2019లో సొంత భవనానికి మారిన దొమ్మలూరు బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో పాట సాగుతూ ఉంది. 2009లో లండన్‌లో పుట్టిన ‘సోఫార్’ పద్ధతి, అంటే ఇంటి హాల్లో పాట, చోటు చివరి నిమిషంలో చెప్పడం, ఇక్కడికీ వచ్చింది. ఇంటి బైఠక్కు అలవాటున్న దేశానికి అది మరీ కొత్తదేమీ కాదు.

అయితే ఈ పాట అసలు ఎలా బతుకుతుందో చూడాలంటే కోలారు దాకా వెళ్ళాలి. తేరహళ్ళి కొండ మీద శివగంగె దగ్గర కోటిగానహళ్ళి రామయ్య, మిత్రులు కలిసి ‘ఆదిమ’ కట్టుకున్నారు. అక్కడ పున్నమి రాత్రి ‘హుణ్ణిమె హాడు’, అంటే పున్నమి పాట, జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి, బెంగళూరు నుంచి జనం వస్తారు. పాట ఉంటుంది, నాటకం ఉంటుంది. పేరున్న గాయకుడికీ ఊరి కూలీకీ కింద పరిచేది ఒకే చాప. నగరంలో పాట కట్టేవాళ్ళకు ఇది బడి. తాము రాసిన చరణం పల్లె జనం ముందు నిలుస్తుందా లేదా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

ఈ రాకపోకల్లో ఒక అన్యాయం దాగి ఉంది, దాన్ని పట్టించుకోక తప్పదు. కాపీరైటు చట్టం ప్రకారం కవి చనిపోయిన 60 ఏళ్ళకు రచన అందరిదీ అవుతుంది. షరీఫ్ పదం, తాతయ్య కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. 2012 సవరణ సినిమా కవులకూ స్వరకర్తలకూ రాయల్టీలో వాటా ఖాయం చేసింది. కానీ ఇలాంటి పాటలను నాలుగు తరాలు మోసుకొచ్చి, వరస చెడకుండా నేర్పిన కథాగాయకులు నీలగారికీ, దేవి పాటలు పాడే జోగతికీ, భజన గురువుకీ ఏ చట్టమూ వాటా రాయలేదు. నగర గాయకుడు నెల రోజులు కూర్చొని నేర్చుకున్న పాట యూట్యూబ్‌లో లక్షల మంది విన్నా, నేర్పినవాడి పేరు కింద వివరాల్లో కూడా ఉండకపోవచ్చు. కనుక చిన్న కచేరీల్లో మంచి గాయకులు ఒక ఆచారం పాటిస్తున్నారు. నేర్పినవాళ్ళ పేరు, ఊరు పాటకు ముందే చెప్పడం, వీలైతే వాళ్ళనే పిలిచి పక్కన కూర్చోబెట్టడం, వచ్చిన డబ్బు పంచుకోవడం. వచ్చేది ఎంతో ఉండదు. తలుపు దగ్గర పళ్ళెమో, గోడకు అంటించిన క్యూఆర్ కోడో, లేదంటే రెండు మూడు వందల టికెట్టు.

పాట అయ్యాక చాలామంది వెంటనే వెళ్ళరు. ఎవరో ఒకరు వచ్చి రెండో చరణంలో ఆ మాటేమిటని అడుగుతారు. గాయకుడు నోట్‌బుక్ తీసి చూపిస్తే ఫోన్‌తో ఫొటో తీసుకుంటారు. కొన్ని వారాలకు ఆ పాట ఇంకో గదిలో, ఇంకో గొంతుతో, ఒక మాట మారి వినిపిస్తుంది.