ముసల్మాన్ గడిలో ఎవరున్నారు?

"సాయిబుల పిల్లోళ్లు పంక్చర్లేసుకుంటారు, లేదంటే గల్ఫుకు పోతారు. విద్యాచరిత్ర మీద పరిశోధన మీకెందుకబ్బయ్యా?"

ఎమ్మే అయ్యాక పరిశోధనకు వెళ్తే ఇంటర్వ్యూలో మాకెదురైన ప్రశ్న ఇది. అడిగిన పెద్దమనిషి మతతత్వవాది కాడు. అభ్యుదయ సభల్లో మా పక్కన కూర్చునేవాడే. ముస్లింలకు చదువంటే ఆసక్తి లేదన్నది ఆయనకు తెలిసిన 'నిజం'. ఆ నిజం ఎక్కడ పుట్టిందో వెతకడానికే మేం విద్యాచరిత్ర చదువుతున్నాం.

ఆసక్తి లేదా? మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువుకు రండి. బారా షహీద్ దర్గా పక్కన నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటుంటారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, వాటితోపాటే చదువు రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. అది తీరాక మళ్లీ తెచ్చి ఇంకొకరికిస్తారు. మైపాడు నుంచి, కోట నుంచి, వాకాడు నుంచి వచ్చే మా అమ్మీలు చదువు రొట్టె కోసం కొంగు పడతారు. హిందూ తల్లులూ పడతారు. ఒకే నీళ్లు, ఒకే రొట్టె. ఆ తర్వాత ఎవరి బిడ్డ ఏ తరగతిలో బడి మానేసిందన్నది కోరికల చరిత్ర కాదు, అవకాశాల చరిత్ర.

ఆ చరిత్ర కోసం పుస్తకాలు తెరిస్తే మొదట ఎదురయ్యేది మన్రో. ఆర్కాటు నవాబు చేతిలోంచి 1801లో నెల్లూరు కంపెనీ చేతికి పోయింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి కలెక్టరునూ బడుల లెక్క అడిగాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు అని గడులు. ముసల్మాన్ అని ఒక్క గడి.

ఈ పత్రాలను ధరంపాల్ 1983లో 'ద బ్యూటిఫుల్ ట్రీ' పేరుతో పుస్తకంగా తెచ్చాడు. 1931లో లండన్‌లో గాంధీ అన్న మాటలోంచి తీసుకున్న పేరది. బ్రిటిష్‌వాళ్లు రాకముందు ఇక్కడ చదువే లేదన్న అబద్ధాన్ని ఆ పుస్తకం బద్దలు కొట్టింది. అందుకు మేమూ రుణపడి ఉన్నాం. అయితే ఆ అందమైన చెట్టు నీడ ఎవరిదాకా వచ్చింది? హిందువులకు నాలుగు గడులున్నాయి గనక ఎవరు చదివారో, ఎవరిని చదవనివ్వలేదో కొంతైనా అడగొచ్చు. మా గడిలో సయ్యదు, పఠాను, దూదేకుల, ఫకీరు అందరూ ఒకే అంకె కింద పడిపోయారు. ఫార్సీ రాసే మున్షీ కొడుకూ, దూది ఏకేవాడి కొడుకూ ఒకటేనట! 2007లో బి.సి.-ఇ జాబితా మాలోని వెనుకబడినవాళ్లను పేరుపేరునా రాసింది. విద్యాచరిత్రకారులు మాత్రం ఇంకా కంపెనీ గీసిన గడిలోనే మమ్మల్ని కూర్చోబెడుతున్నారు.

అదే పుస్తకంలో ఇంకో పత్రం ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్, దాదాపు పది లక్షల జనాభా ఉన్న జిల్లాలో ఏడు వేల మంది కూడా బడిలో లేరని రాశాడు. జనం పేదవాళ్లయ్యారని, సీమబట్ట వచ్చి ఇక్కడి నేతను దెబ్బతీసిందని కారణమూ చెప్పాడు. దూది మీద, మగ్గం మీద బతికిన ముస్లింలకు ఆ దెబ్బ తగల్లేదా? మేం బడి మానడానికి మతమే కారణమనేవాళ్లు ఈ పేజీ ఎందుకు తిప్పరు?

మా ఆడవాళ్ల గురించి ఇక చెప్పక్కర్లేదు, పర్దా అనే ఒక్కమాటతో తేల్చేస్తారు. అదే సర్వేలో మలబారు పట్టిక చూడండి. 3,196 మంది ముస్లిం బాలురుంటే 1,122 మంది ముస్లిం బాలికలున్నారు. ఇప్పటి సంగతీ చూడండి. వీధిలో ఉస్తానీ దగ్గర సబక్ చెప్పుకుని ఖురాను అరబ్బీలో చదివే మా అమ్మీలున్నారు. అర్థం తెలిసి చదవడం, రాయడం రెండూ వస్తేనే జనాభా లెక్కల్లో అక్షరాస్యులు. కాబట్టి మా అమ్మీ నిరక్షరాస్యురాలు. ఆమెకు అక్షరం చెప్పి అర్థం చెప్పనిదెవరు? ఈ ప్రశ్న సర్కారునే కాదు, మా జమాత్ పెద్దలనూ అడుగుతాం. కొడుకును కాలేజీకి పంపి కూతురిని ఏడో తరగతితో ఆపిన మా అబ్బాలనూ అడుగుతాం.

చదువు ఏం చేయగలదో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ చదివాక దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠంలో వాళ్లకు తమ బతుకు కనిపించింది. మా పిల్లలకు వాచకంలో ఏం కనిపించింది? గజనీ దండయాత్రలు. "మీవాడే గదరా" అని పక్క బెంచీవాడు పొడిస్తే తలొంచుకున్న పిల్లవాడికి ఆ బడి ఎంత దూరమవుతుందో ఏ సర్వే లెక్కపెట్టింది?

పెద్దమనిషికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇదే. మాకు విద్యాచరిత్ర కొలువు కోసం కూడా కావాలి, అందులో సిగ్గుపడేదేం లేదు. అంతకంటే ముందు ఆ గడి విప్పడానికి కావాలి. అందులో ఎవరు చదివారు, ఎవరు మధ్యలో ఆగారు, ఎవరికి బడి గుమ్మమే తెలియదు, ఇవన్నీ రాయడానికి కావాలి. మా అమ్మీలు పట్టిన చదువు రొట్టె తిని మేం ఇంతదాకా వచ్చాం. అది తిరిగివ్వాల్సిన రొట్టె. బాకీ మా మీదుంది.