కుక్క నిద్ర లేచేలోపు

భవనం కదలదు. కుక్క ఆగదు. చెట్టు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. నిలబడే ఉన్నట్టుంటుంది గానీ వారం తిరిగేసరికి వేరే చెట్టయిపోతుంది. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఈ మూడింటినీ గీశారు. మాటిమాటికీ శైలి మార్చేస్తారని ఆయన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. ఎదురుగా ఉన్నది ఎంతసేపు ఆగుతుందో చూసుకుని గీసే తీరు మార్చుకున్నారని నాకనిపిస్తుంది.

ఆయన 1937లో బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టారు. ఉన్ని మిల్లుల ఊరు, పొగచూరిన రాతి గోడలు. 1964లో లాస్ ఏంజెలెస్ వెళ్లేసరికి కళ్లముందు ఇంకో లోకం: చదును కప్పుల ఇళ్లు, గోడంత అద్దాలు, ఈత కొలనులు, నీడ కూడా కత్తితో కోసినట్టు పడే ఎండ. అక్కడే నూనె రంగులు పక్కనపెట్టి యాక్రిలిక్ పట్టారు. అది చప్పున ఆరుతుంది, పక్క రంగులోకి పాకదు, అంచు గీత గీసినట్టు నిలుస్తుంది. ఆ ఇళ్లకు అలాంటి రంగే కావాలి.

1967లో వేసిన 'ఎ బిగ్గర్ స్ప్లాష్' దాదాపు ఎనిమిదడుగుల చదరం. ఆకాశం, ఇల్లు, కొలను చాలావరకు రోలర్‌తో పూసినవే, మనం గోడలకు రంగేయించుకున్నట్టు. మనిషి కనబడడు. దూకేశాడు, ఎగసిన నీళ్లే మిగిలాయి. క్షణంలో అణిగిపోయే ఆ నీళ్లను చిన్న చిన్న కుంచెలతో తీర్చడానికి రెండు వారాలు పట్టింది. ఏళ్ల తరబడి ఉండే గోడకేమో రోలర్, ఉండని నీటికేమో పక్షం రోజులు! కొలనుల గురించిన ఓ పుస్తకంలో ఫొటో దొరికింది కాబట్టి అంత తీరిక. నీళ్లను కెమెరా ముందే ఆపిపెట్టింది.

కుక్కల దగ్గర ఆ వీలు పెట్టుకోలేదు. స్టాన్లీ, బూజీ అని రెండు డాక్స్‌హండ్‌లు, పొట్టికాళ్లు, పొడుగు నడుములు. ఆప్తులు ఒకరి తర్వాత ఒకరు పోతున్న రోజులవి. 1994లో చిరకాల మిత్రుడు హెన్రీ గెల్డ్‌జాలర్ కూడా వెళ్లిపోయారు. ఆ తర్వాత హాక్నీ తను ప్రాణంలా చూసుకునే ఈ రెండింటి ముందూ కూర్చున్నారు. ఫొటోలు చూసి కాదు, ఎదురుగా చూస్తూనే. ఈజిల్‌ను కుక్కల ఎత్తుకు దించి, కాన్వాసు, కలిపిన రంగులు ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేవారు. ఎవరైనా తలుపు తడితే చాలు, బొమ్మకు కూర్చున్నవారు లేచి పరుగే. అందుకే ముందు వీపు వంపు, ఆ వెంటనే తల ఎక్కడ వాలిందో పట్టుకోవాలి. దిండు ఎక్కడికీ పోదు, దాని సంగతి తర్వాత. పెంపుడు జంతువుల బొమ్మలంటే క్యాలెండర్ సరుకని కొందరికి చిన్నచూపు. ఈ కుక్కల బొమ్మల్లో కొన్ని ఒకేలా ఉన్నాయన్నది నిజమే. కానీ నిద్రలో కుక్క బరువంతా దిండులోకి దిగిపోవడం ఇంత సూటిగా గీసినవాళ్లు తక్కువ.

1997లో మరో స్నేహితుడు జోనథన్ సిల్వర్ జబ్బుతో ఉన్నారు. ఆయన్ను చూడటానికి యార్క్‌షైర్ కొండదారుల్లో కారులో పోయివస్తూ హాక్నీ మళ్లీ సొంతగడ్డ గీయడం మొదలుపెట్టారు. సిల్వర్ మళ్లీ నిలబెట్టిన 1853 నాటి సాల్ట్స్ మిల్లునూ గీశారు. కాలిఫోర్నియా గోడల పదును ఇందులో లేదు. రాతికట్టడమైనా ఎండ కాగుతున్నట్టుంటుంది.

అసలు పరుగుపందెం 2007లో, అదే యార్క్‌షైర్‌లోని వార్టర్ పల్లె దగ్గర. 'బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్' 50 కాన్వాసులు కలిపిన నూనె రంగుల చిత్రం. వెడల్పు సుమారు 12 మీటర్లు, ఎత్తు నాలుగున్నర. ఆరుబయట చెట్ల ఎదుటే కొన్ని కొన్ని కాన్వాసులుగా వేశారు. అన్నీ ఒక్కచోట పరిచి చూసుకునే జాగా లేదు. అందుకని వేసినవాటిని ఫొటో తీసి, కంప్యూటర్‌లో పక్కపక్కన పేర్చి, ఏ కొమ్మ ఏ కాన్వాసులోకి పోతోందో సరిచూసుకున్నారు. ఒకప్పుడు కొలను నీటిని ఆపిపెట్టిన ఫొటో ఈసారి గుమస్తా అయింది. చెట్టును ఆపే పని మాత్రం దానికి అప్పగించలేదు. ఆకు వచ్చిందంటే కొమ్మల అల్లిక మూసుకుపోతుంది. చిత్రంలో ఇళ్లు ఓ పక్కకు ఒదిగిపోయాయి. కింద డాఫడిల్ మొక్కలు అప్పటికే తలెత్తాయి. పైన కొమ్మలకు ఇంకా ఆకు లేదు.