మింగింది ఎక్కడికి పోతుంది?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగితే చాలు, వరసగా కోచింగ్ సెంటర్ల బోర్డులే. జిల్లాల నుంచి వచ్చి చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉంటూ కోడింగ్ నేర్చుకునే పిల్లలు కనిపిస్తే నేను చెప్పే మాట ఒకటే: ముందు ఒక ఆట రాయండి. బ్రౌజర్‌లో నడిచే చిన్న అంతరిక్షం. మీ గ్రహం తనకంటే చిన్నవాటిని కలుపుకొని పెరగాలి, పెద్దవాటికి దొరక్కుండా తప్పించుకోవాలి.

ఈ తరహా ఆటల్లో రెండు నాకు చాలా ఇష్టం. 2009లో వచ్చిన ఆస్మోస్‌లో కదలాలంటే మన ఒంట్లోని పదార్థాన్నే కొంత వెనక్కి చిమ్మాలి. 2015లో బ్రెజిల్ యువకుడు మాథ్యూస్ వలడారిస్ రాసిన అగార్.ఐఓ బ్రౌజర్‌లోనే ఎన్నో దేశాల వాళ్లను ఆడించింది. అందులో పెరిగేకొద్దీ నడక మందగిస్తుంది. పెరుగుదల ఊరికే రాకూడదని రెండూ గట్టిగా పట్టుబట్టాయి.

కోడ్ రాసేవాళ్లకు మొదటి పరీక్ష అక్కడే. వ్యాసార్థం 4 ఉన్న గ్రహం 3 ఉన్నదాన్ని కలుపుకుంటే కొత్త వ్యాసార్థం ఎంత? 7 అనేయడం తేలిక. కానీ తెరమీద ఉన్నవి చదునైన వృత్తాలు, కలపాల్సింది వైశాల్యాలను. వ్యాసార్థాల వర్గాలు 16, 9 కలిస్తే 25, దాని వర్గమూలం 5 కొత్త వ్యాసార్థం. 7 అని రాస్తే ఆ 25 కాస్తా 49 అవుతుంది. లేని పదార్థం పుట్టుకొస్తుంది. అలాంటి ఆటలో ముందు పెరిగినవాడిని ఇక ఎవరూ అందుకోలేరు, చిన్నవాడికి ఆడాలన్న ఆశే మిగలదు.

రెండో పరీక్ష ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. ఇక్కడ వైశాల్యాన్నే ద్రవ్యరాశిగా తీసుకోండి. కదలకుండా ఉన్న ఆ పెద్ద గ్రహాన్ని చిన్నది 10 వేగంతో గుద్దిందనుకోండి. 9ని 10తో గుణించి 25తో భాగిస్తే 3.6. రెండూ కలిసిన గ్రహం ఆ వేగంతో, చిన్నది వెళ్తున్న దిక్కుకే సాగాలి. మింగింది పెద్దదే, దారి మాత్రం చిన్నది చూపింది. కోడ్‌లో ఈ ఒక్క లైను చేరాక ఆట తీరే మారిపోతుంది. దేన్ని మింగాలన్నదే కాదు, ఎటు నుంచి వస్తున్నదాన్ని మింగాలన్నదీ ఆలోచించాలి. నిజమైన గ్రహాలూ ఇలా కలుపుకుంటూనే పెరిగాయి. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట అంగారకుడంత గోళం భూమిని ఢీకొట్టిందని, అప్పుడు ఎగిసిపడ్డ పదార్థమే చంద్రుడైందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే నాకు ఇదే లెక్క కనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలుపుకొని హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న గడ్డిఅన్నారం వాటిలోవే. మ్యాపులో నగరం ఒక్కసారిగా పెద్దదైంది. ఆ ఊళ్ల చెరువులు, నాలాలు, విజయవాడ రోడ్డు రద్దీ కూడా వాటి వేగంతో సహా నగరంలోకి వచ్చాయి. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడిచిందంటే, కలిసినవాళ్లు కూడా నగరం దారిని నిర్ణయిస్తారనే నేను అర్థం చేసుకుంటాను.

అందుకే పిల్లలకు ఇంకో పని చెబుతాను. ఆస్మోస్ పద్ధతిలో, గోడలు లేని ఆకాశంలో ఆట కట్టండి. తెర మూలన రెండు అంకెలు పెట్టండి: మొత్తం ద్రవ్యరాశి, దిక్కులతో సహా కూడిన మొత్తం ద్రవ్యవేగం. ఎన్ని గ్రహాలు కలిసినా అవి మారకూడదు. మారితే ఏదో ఒక గ్రహం వాటా లెక్కలోకి సరిగ్గా రాలేదని అర్థం. ఆ లైను పట్టుకొని సరిచేయండి. రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆట చూపించమంటే, రంగుల కంటే ముందు ఆ అంకెలనే చూపించండి.