సభాభవనంలో చిత్రశాల

ముంబయి ఫోర్ట్ ప్రాంతంలోని కావస్‌జీ జహంగీర్ హాలు 1911లో సభలకు, సంగీత కచేరీలకు నిర్మించిన భవనం. దీనిని రూపొందించిన జార్జ్ విటెట్, ఎదుటనే ఉన్న పూర్వపు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియానికీ వాస్తుశిల్పి. అది వస్తువులను చూపడానికి కట్టినది, ఇది మాటను వినిపించడానికి కట్టినది. 1996లో జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల ముంబయి శాఖ ఇందులో ప్రారంభమైన నాటినుంచి ఈ భేదం అక్కడి ప్రతి ప్రదర్శననూ పరీక్షిస్తూనే ఉన్నది.

కొత్త సభామందిరాలు వచ్చాక ఈ హాలు పెళ్ళిళ్ళకు, కార్మిక సంఘాల సమావేశాలకు, ముష్టియుద్ధ పోటీలకు అద్దెకిచ్చే స్థితికి చేరింది. దానిని కూలనివ్వక కళకు అప్పగించడం ప్రశంసనీయమే. వెలుపలి రూపాన్ని నిలిపి, లోపల ఒకదానిపై ఒకటిగా అర్ధవృత్తాకారపు అంతస్తులు అమర్చారు. చివరన గుమ్మటం కింద ఒక ప్రదర్శన మందిరం. శిల్పానికి ఈ ఏర్పాటు మేలు చేసింది. కింద నిలిపిన విగ్రహాన్ని మెట్లెక్కుతూ మళ్ళీ పైనుంచి చూడవచ్చు. పెద్ద తైలవర్ణ చిత్రానికి మాత్రం ఇక్కడ సుఖం లేదు. వంపు తిరిగిన గోడకు చదునైన చిత్రం ఒదగదు. నాలుగడుగులు వెనక్కి వేసి చూద్దామంటే చోటు చాలదు. (ప్రేక్షకుడు వెనక్కి నడుస్తాడన్న సంగతి భవన నిర్మాతలు తరచు మరచిపోతారు.)

ఢిల్లీలో ఈ చిక్కు కొంత తీరింది. 1936 నాటి జైపూర్ హౌస్‌లో 1954లో నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన చిత్రశాలకు 2009లో కొత్త భవనం తోడైంది. చుట్టూ స్థలం ఉన్నది కనుక అది సాధ్యపడింది. ముంబయి నడిబొడ్డున ఆ వీలు లేదు. ఉన్న అంతస్తులనే పంచుకోవాలి.

పంచుకోవడంలో తొలి వాటా ఎవరిది? 1947లో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రేలు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుగా కలిసింది ఈ నగరంలోనే. వారి కృషిని ఏ రోజు వెళ్ళినా చూడగల ఒక అంతస్తు ఇక్కడి విద్యార్థికి ఉండాలి. అందువల్ల వచ్చిపోయే ప్రదర్శనలకు చోటు తగ్గుతుంది, తగ్గినా సరే. సికింద్రాబాదు దగ్గరి బొల్లారంలో పుట్టి, బాల్యంలోనే బొంబాయి చేరి, ఇళ్ళలో పనిచేసి బతుకుతూ చిత్రకారుడైన ఆరా గీసిన పూలకుండీలకు పెద్ద గోడ అక్కరలేదు. ఆ వంపు గోడల మధ్యనే, దగ్గరగా నిలబడి చూసే ఎత్తులో, వాటికి చోటు దొరుకుతుంది.