ఊరి పేరు మార్చిన కథ

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక మంచి నవల. గురజాల వైపు నుంచి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి తాను రాస్తున్న నవల మొదటి అధ్యాయాలు పంపింది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం రాస్తున్నానంది. రెండుగా చీలిన రాజ్యం. కోడిపందెంలో ఓడి అడవులపాలైన ఒక పక్షం. ఎండాకాలం ఇంకిపోయే వాగు, ఆ ఇసుకలో పాతిపెట్టిన కత్తులు రాత్రిపూట తమను పట్టినవాళ్ల గొంతుతో మాట్లాడటం. ఎక్కడా ఆపకుండా చదివాను. పూర్తయ్యాక మాత్రం మనసు చివుక్కుమంది. అచ్చంగా పల్నాటి యుద్ధమే, కానీ ఆ వాగు నాగులేరు కాదట. ఆ రాజధాని గురజాల కాదట. మాచర్ల లేదు, కారెంపూడి లేదు. అన్నీ కల్పించిన పేర్లే.

ఈ శీర్షికను మొదటినుంచీ చదువుతున్నవారికి నా పట్టుదల తెలుసు. కథ జరిగే ఊరికి పేరుండాలి. ‘ఒక పల్లెటూరు’ అని మొదలుపెట్టి కోనసీమనూ పల్నాడునూ ఒకే గాటన కట్టే కథల మీద ఇక్కడ చాలాసార్లు రాశాను. పల్నాడుకు తనదైన నేల ఉంది. సున్నపురాయి, నాపరాయి, మిరపకల్లాలు, మే నెలలో మాడు పగలగొట్టే ఎండ. శ్రీనాథుడు ఇక్కడి జొన్నకూడు పడక చాటువులు చెప్పి వెళ్లాడంటారు. అవి మనల్ని ఎత్తిపొడిచేవే. అయినా మనవాళ్లు ఇష్టంగా అప్పజెబుతారు, వాటిలో మన తిండీ మన ఎండా ఉన్నాయి గనక. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా జిల్లాకే పల్నాడు పేరు వచ్చింది. ఇన్నాళ్లకు పేరు దక్కిన నేలను పేరు తీసేసి రాయడమేమిటి?

పైగా ఇలాంటి నవలలకు ఇది మంచి కాలం. 2018లో అమెరికాలో రోషణి చోక్షి ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ రాసింది. పాండవుల ఆత్మలు ఈ కాలపు ఆడపిల్లల్లో పుట్టిన కథ అది. అదే ఏడాది సాయంతని దాస్‌గుప్తా ‘ది సర్పెంట్స్ సీక్రెట్’లో బెంగాలీ అమ్మమ్మలు చెప్పే రాక్షసులను తెచ్చి న్యూజెర్సీలో ఒక పిల్ల ఇంటిమీద పడేసింది. 2019లో స్వాతి తీర్థాల ‘ది టైగర్ ఎట్ మిడ్‌నైట్’ మన ప్రాచీన చరిత్ర స్ఫూర్తితో ఏకంగా ఒక కొత్త దేశాన్నే కట్టింది. మన ఇంగ్లీషు మీడియం పిల్లల చేతుల్లోకి ఈ పుస్తకాలు వస్తున్నాయి. బెంగాల్ రాక్షసుడు తన పేరుతోనే అమెరికా వెళ్లగలిగినప్పుడు, పల్నాటి కథలో మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడి కోడిపుంజు చిట్టిమల్లు తన పేరుతో మాచర్ల పిల్లల పుస్తకంలోకి రాలేదా? ఈ ప్రశ్నతోనే ఆ అమ్మాయికి జవాబు రాయడం మొదలుపెట్టాను.

ఆ జవాబు ఎటో వెళ్లిపోయింది. దానికి కారణం బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు.

పల్నాటి వీరచరిత్ర అనగానే మనకు పెద్దవాళ్లే గుర్తొస్తారు. కులం చూడకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు, గురజాల మంత్రి నాగమ్మ మంత్రాంగం, అక్కడి రాజు నలగామరాజు బలహీనత. సినిమాలు కూడా ఆ ముద్రనే గట్టిపరిచాయి. నాగమ్మగా 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నటించిన తీరును ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ కథ యుద్ధం జరిగిన కారెంపూడి దగ్గరకు వచ్చేసరికి దాన్ని నడిపేది పిల్లలు. అక్కడ పెద్దవాళ్లు సంధి మాటల్లో ఉంటారు. రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలైపోయాక కూడా బ్రహ్మనాయుడు తొందరపడడు. యుద్ధం తెచ్చేది మేడపిలో బొంగరాలాడుతున్న కుర్రాడు.

ఆ బొంగరాల ఘట్టానికి సాటి వచ్చేది, పిల్లల కోసం రాసిన ఫాంటసీలో నేను చదివినంతలో ఇంకోటి లేదు. యుద్ధం మాట కొడుకు చెవిన పడకూడదని తల్లి ఐతమ్మ తంటాలు పడుతుంది. బాలచంద్రుడు స్నేహితులతో వీధిలో బొంగరాలాడతాడు. అతను వేసిన బొంగరం ఎగిరి ఒక కోమటింటి ఆడపడుచు కాలికి తగులుతుంది. ఆమె నొప్పితో, కోపంతో ఒక్క మాట అంటుంది. మీ పెద్దలంతా కారెంపూడిలో చావుకు ఎదురు నిలిస్తే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని. అంతే, బాల్యం అక్కడితో సరి. మంత్రదండం లేదు, దేవతల వరం లేదు. ఆటవస్తువుతో ఒక మనిషికి దెబ్బ తగిలింది, ఆమె నోట నిజం బయటపడింది. ఇక ఎవరు ఆపినా ఆగడు.

ఆ వెనకే బాలచంద్రుడి భార్య మాంచాల వస్తుంది. పెళ్లయినా కాపురం లేని చిన్నపిల్ల. వేశ్య అయిన శ్యామాంగి ఇంట్లో భర్త గడిపిన రోజులన్నీ తల్లి దగ్గర ఎదురుచూసింది. అతను మొదటిసారి గడప తొక్కింది సెలవు తీసుకోవడానికే. ఆ రాత్రి అతన్ని ఆపగల శక్తి ఉన్నది ఆమె ఒక్కతికే. ఆపలేదు. ఆయుధమిచ్చి సాగనంపింది. ఆ వయసులో అంత పెద్ద నిర్ణయం ఆమె మీద పడటం అన్యాయం. ఆ అన్యాయాన్ని మన కవులు పాతివ్రత్యం అని పొగిడి వదిలేశారు. ఆ రాత్రి ఆమె మనసులో ఏం జరిగిందో ఒక నవలకు సరిపడా ఉంది.

నాకు అన్నిటికన్నా బరువైనది అనపోతు కథ. బాలచంద్రుడి వెంట నడిచిన అన్నదమ్ములంటే ఒక్క కడుపున పుట్టినవాళ్లు కారు, వేర్వేరు కులాల పిల్లలు. ఒకే పంక్తిలో తిని పెరిగారు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. తన వల్ల బ్రాహ్మణుడు యుద్ధంలో చచ్చిపోతే పాపమని బాలచంద్రుడికి భయం. అందుకని మరిచిపోయిన వస్తువు తెమ్మనే మిషతో దారిలోనే అతన్ని మాంచాల దగ్గరకు వెనక్కి పంపేశాడు. తిరిగొచ్చిన అనపోతుకు సంగతి అర్థమైంది. తన జంధ్యాన్ని గుర్తుగా వదిలి అక్కడే ప్రాణం తీసుకున్నాడు. కులం లేదని చెప్పుకున్న పంక్తిలోంచి కులం పేరుతోనే ఒకణ్ని లేపి పంపించారు. బాలచంద్రుడు చేసింది ప్రేమతోనే, అందుకే అది మరీ బాధిస్తుంది. పదిహేనేళ్లవాడు స్నేహితుడి విషయంలో చేయగల అతి పెద్ద పొరపాటు ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను.

ఇదంతా రాసి, అనపోతు బతికి ఉంటే ఏమయ్యేదో నీ నవలలో ఎందుకు చూపకూడదు అని ఆ అమ్మాయికి సలహా ఇవ్వబోయాను. అక్కడ కలం ఆగింది. ఊళ్ల పేర్లు ఉంచి, కారెంపూడి పేరు ఉంచి, అనపోతును బతికించడం కుదురుతుందా?

కుదరదు. కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్లినవాళ్లకు ఎందుకో తెలుసు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులూ ఆ కథ మళ్లీ జరుగుతుంది. వీరుల ఆయుధాలను నాగులేటికి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. వీరవిద్యావంతులు కత్తి పట్టి వీరుల కథ గానం చేస్తారు. ఆ పరంపరలోని ఆలిసెట్టి గాలెయ్య గానాన్ని ఆధారం చేసుకునే జీన్ రోగెయిర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పల్నాటి వీరుల కథను ఇంగ్లీషులో వెలువరించాడు. అక్కడికి వచ్చేవాళ్లకు వీరులు కథలో పాత్రలు కారు. ఇంటి పెద్దలు, మొక్కు చెల్లించాల్సిన దేవుళ్లు. బాలచంద్రుడు ఏటా చనిపోవాల్సిందే. అనపోతు ఏటా చనిపోవాల్సిందే. ఆ చావుల మీదే ఆ పూజ నిలబడి ఉంది. దాన్ని మార్చే హక్కు నవల రాసేవాళ్లకు లేదు, ఉండకూడదు కూడా.

అలాగని ఫాంటసీ మార్చకుండా నడవదు. ఆ రచనకు ప్రాణమే ‘ఇలా జరగకపోయి ఉంటే?’ అన్న ప్రశ్న. గ్రీకు దేవుళ్లతో అమెరికా రచయితలు ఇష్టం వచ్చినట్టు ఆడుకోగలుగుతున్నారంటే ఆ గుళ్లలో దీపం పెట్టేవాళ్లు దాదాపు మిగల్లేదు గనక. కారెంపూడిలో దీపం ఉంది. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటికీ రెండు వర్గాలు కొట్టుకుంటే పత్రికలు ‘పల్నాటి యుద్ధం’ అనే శీర్షిక పెడతాయి. ఆ పేర్లతో రాసిన కథలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అది మా కులం మీద రాశారు, మా ఊరి మీద రాశారు అనేవాళ్లు ఉంటారు. పదిహేనేళ్ల పాఠకుడికి కథ చేరకముందే కొట్లాట చేరుతుంది. పేర్లు మార్చడంతో ఆ అమ్మాయి గుడిని గుడిగా ఉంచింది, తన కథకు చోటు తెచ్చుకుంది.

ఆలోచిస్తే మన తెలుగులో ఈ మార్గం కొత్తది కూడా కాదు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో 1954లో మొదలుపెట్టిన ‘తోకచుక్క’ నుంచి ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ దాకా ఒక్క సీరియల్‌లోనూ అసలు దేశం పేరు చూసిన గుర్తు నాకు లేదు. ఆయన మన గుంటూరు జిల్లావారే. చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మల్లో ఆ కోటలు, ఆ భల్లూకాలు, ఆ మాంత్రికులు ఏ ఊరివో మేం ఎప్పుడూ అడగలేదు. అయినా ఆ అడవుల్లో నడిచే మనుషుల మాటతీరు మాకు తెలిసినదే. ఆకలి తెలిసినదే. రాజుకు భయపడటంలో, రాజును ఎదిరించడంలో మన పల్లెల మనుషులే ఉన్నారు. ఊరు పేరులో లేదు, మనిషి నడతలో ఉంది. ఆ సీరియళ్ల దగ్గర రచయిత పేరు వేయకపోవడం మీద నాకున్న కోపం వేరే సంగతి, అది తగ్గలేదు.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చివరికి రాసిన జవాబు ఇది. పేర్లు మార్చు. నేలను మార్చకు. వాగు ఇంకిపోయే నెల తప్పకూడదు. రాళ్ల రంగు తప్పకూడదు. కోడిపుంజును పందేనికి ఎలా సిద్ధం చేస్తారో పెంచేవాళ్ల దగ్గర కూర్చుని తెలుసుకో. కత్తులు మాట్లాడతాయన్నావు, బాగుంది. ఎవరికి వినిపిస్తాయి, విన్నవాళ్లు ఏం పోగొట్టుకుంటారో ముందే తేల్చుకో. ఊరికే దొరికే మాయను పిల్లలు నమ్మరు. ఇక పూజ ఆగిపోయిన చోట అసలు పేరే పెట్టు. ఇక్ష్వాకుల విజయపురి నాగార్జునసాగరం నీళ్ల కింద ఉంది. అక్కడి రంగస్థలాన్ని అనుపుకు తరలించారు, కొండ ద్వీపమైంది, ఆచార్య నాగార్జునుడు కొండను బంగారం చేయబోయాడనే కథ ఇంకా తిరుగుతోంది. ఆ మునిగిన నగరాన్ని పేరు పెట్టి పిలిచినా ఎవరి మొక్కూ చెడదు.

అన్నిటికన్నా ముఖ్యంగా నాగమ్మను రాయమన్నాను. జిట్టగామాలపాడులో చిన్నతనంలోనే వితంతువైన పిల్ల. వేటకు వచ్చి అలసిన రాజుకు, అతని పరివారానికి అన్నం పెట్టి, ఏడు ఘడియల మంత్రిపదవి మాట తీసుకుంది. బ్రహ్మనాయుడు ఏలుతున్న చోట ఒక పల్లెటూరి ఆడపిల్ల ఏడు ఘడియలు చాలనుకుందంటే, ఆ ఏడు ఘడియల్లో ఏం చేయాలో ఆమె ఎన్నాళ్లు ఆలోచించి ఉండాలి? కారెంపూడి గానంలో ఆమెకు ఒకే చోటు ఉంది, అది మారదు. పేరు మార్చిన రాజ్యంలో ఆమెకు పదహారేళ్లుండవచ్చు, వంటింటి గోడ మీద బొగ్గుతో ఘడియలు లెక్కపెట్టుకుంటూ ఉండవచ్చు, చదివే పిల్ల ఆమె పక్షాన నిలబడవచ్చు. తర్వాతి అధ్యాయాలు ఆమెతో మొదలవ్వాలని అడిగాను.