ఉలి పట్టిన బిషప్పు

అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల అల్యూట్ భాషలో అచ్చయిన మత్తయి సువార్తలో పేజీ అడుగున చిన్న చిన్న సూచికలు కనిపిస్తాయి. పైన ఉన్న పాఠం ఉనలాస్కా వైపు మాట. అడుగున ఉన్నవి ఇంకా పడమటన, సముద్రం మధ్యలో ఉన్న అట్కా దీవివాళ్ల పలుకుబడులు. పై పాఠం తయారుచేసింది ఇద్దరు: ఇవాన్ వెనియామినోవ్ అనే రష్యన్ పాదిరి, తిగల్డా దీవి పెద్ద ఇవాన్ పాంకోవ్. సూచికలు రాసింది యాకోవ్ నెత్స్వెతోవ్. అల్యూట్ తల్లి బిడ్డ, అట్కాలో పాదిరి. ఒక దీవి మాటే ప్రమాణమని రెండో దీవి మీద రుద్దలేదు. అలాగని పుస్తకాన్ని రెండుగా చీల్చనూ లేదు. తర్వాతి రోజుల్లో ఇన్నొకెంటి బిషప్‌గా పేరు పొందిన వెనియామినోవ్ పనితనం గురించి చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈ అడుగు సూచికలే. వాటిలో ఆయన రాసిన మాట ఒక్కటీ లేదు. కానీ వాటికి చోటిచ్చిన పుస్తకం ఆయనది.

1797లో సైబీరియాలో, ఇర్కుత్స్క్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి గుడి పనివాడు, పిల్లవాడికి ఆరేళ్లప్పుడే పోయాడు. సెమినరీలో చదువుతూనే గడియారాల పని నేర్చుకున్నాడు. ఆర్థడాక్స్ సంప్రదాయంలో పెళ్లయినవాడు పాదిరి కావచ్చు, బిషప్ కాలేడు. అందుకే 1823లో అలాస్కా వైపు బయల్దేరినప్పుడు వెంట భార్య, పసిబిడ్డ, తల్లి, తమ్ముడు ఉన్నారు. ఉనలాస్కా చేరేసరికి ఏడాది దాటింది.

అది చెట్టు మొలవని దీవి. కలప కావాలంటే కెరటాలు ఒడ్డుకు తెచ్చిన దుంగో, ఓడలో వచ్చిన మానో దిక్కు. అక్కడ గుడి కట్టడానికి అల్యూట్లకు వడ్రంగం, కమ్మరం, తాపీపని నేర్పి, వాళ్లతో కలిసి తనూ పనిచేశాడు. 1826లో గుడి పూర్తయింది. బలిపీఠానికి ముందు నిలిచే పటాల తెరను తానే చెక్కి, తానే బంగారు పూత పూశాడు. బడి కూడా తెరిచాడు. మిగతా దీవులకు తోలు పడవలే దారి. మూడు రంధ్రాల బైదార్కాలో ముందూ వెనకా తెడ్డు వేసేవాళ్లు కూర్చుంటే, మధ్య రంధ్రంలో కాళ్లు చాపుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. ఆ కాలానికి అక్కడ పాదిరి ఉద్యోగమంటే సగం ఇదే.

భాష విషయంలోనూ ఆయనది వడ్రంగి చూపే: మాను గుణం తెలియకుండా ఉలి వెయ్యడు. రష్యన్ లిపిని తెచ్చి అల్యూట్ నోట్లో కుక్కలేదు. అల్యూట్ సొంత మాటల్లో ప, బ ధ్వనులు ఉండవు, కాబట్టి ఆ అక్షరాలను అరువు మాటలకు వదిలేశాడు. గొంతు లోతుల్లోంచి వచ్చే హల్లులకు రష్యన్‌లో అక్షరాలు లేవు. ఉన్న అక్షరాలకే గుర్తులు తగిలించి ఆ పని చేయించాడు. సంస్కృతంలోలాగే ఈ భాషలోనూ ద్వివచనం ఉంది. క్రియలకు ప్రత్యయాలు ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటూ పోతాయి. ఇదంతా 1846లో అచ్చయిన వ్యాకరణంలో పెట్టాడు. దానికి ముందే, 1833లో, స్వర్గరాజ్యానికి దారి చూపే చిన్న పుస్తకాన్ని నేరుగా అల్యూట్‌లోనే రాశాడు. రష్యన్ పాఠం తర్వాత వచ్చింది, ఆ భాషలో ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. దీవి జనం కోసం రాసిన పుస్తకం రాజధానికి అనువాదమై వెళ్లడం ఆ కాలంలో అరుదు.

1840లో మూడు సంపుటాలుగా వచ్చిన ఉనలాస్కా దీవుల వివరణ వేరే రకం పని. వాతావరణం, అగ్నిపర్వతాలు, జంతువులు, జనం అలవాట్లు, పాత కథలు అన్నీ అందులో ఉన్నాయి. తొలితరం రష్యన్ వేటగాళ్ల దౌర్జన్యాలనూ దాచలేదు. సొలొవ్యోవ్ అనేవాడు అల్యూట్లను వరసగా కట్టి నిలబెట్టి, ఒక్క తూటా ఎంతమందిలోంచి దూసుకుపోతుందో చూశాడన్న కథనాన్ని రాసిపెట్టాడు. తన కాలంలో అలాస్కాను నడిపిన రష్యన్-అమెరికన్ కంపెనీ దగ్గరకొచ్చేసరికి మాత్రం కలం కొంత మెత్తబడింది. గుళ్లు నడిచేది కంపెనీ ఖర్చుతో. అల్యూట్లను సీ ఆటర్ల వేటకు తోలేది కూడా ఆ కంపెనీయే. ఈ మెతకదనాన్ని నేను వెనకేసుకురాను.

1834లో అలాస్కాలోని రష్యన్ కేంద్రమైన సిట్కాకు మారాడు. అక్కడి ట్లింగిట్లు 1802లో రష్యన్ కోటను తగలబెట్టినవాళ్లు. అల్యూట్లలా తొందరగా దగ్గరయ్యే మనుషులు కారు. వాళ్ల దగ్గరికి వెళ్లాలని అనుకుంటూ వాయిదా వేస్తుండగా మశూచి వచ్చిపడింది. ముందే వెళ్లి ఉంటే ఆ చావులన్నీ తన రాక వల్లేనని నమ్మేవాళ్లని ఆయనే తర్వాత రాశాడు. టీకా వేయించుకున్న రష్యన్లు బతకడం చూసి ట్లింగిట్లే టీకా అడిగారు. మాట వినే చోటు అప్పుడు దొరికింది. అయినా తొందరపడలేదు. బాప్తిస్మం అడిగినవాడికి ఇవ్వబోయే ముందు తెగ పెద్దల ఒప్పుదల, తల్లి ఒప్పుదల తీసుకునేవాడు. బిషప్ అయ్యాక తన పాదిరులకు పంపిన సూచనల్లోనూ ఇదే పద్ధతి: బలవంతం వద్దు, కానుకలు ఎరవేయొద్దు, వాళ్ల ఆచారాలను ఈసడించొద్దు.

భార్య 1839లో చనిపోయింది. మరుసటి ఏడాది సన్యాసం తీసుకుని బిషప్ అయ్యాడు. కమ్చాట్కా, కురిల్ దీవులు, అల్యూషియన్లు ఒకే పీఠం కింద. సిట్కాలో 1843 నాటికి పూర్తయిన బిషప్ భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. అందులో బడికీ చోటిచ్చారు. 1845లో తెరిచిన సెమినరీలో స్థానిక భాషలు, వైద్యం పాఠాలుగా పెట్టించాడు. పాదిరి వెళ్లే ఊళ్లో వైద్యుడు ఉండడని ఆయనకు తెలుసు. ఈ పనుల నడుమే చేతితో తిప్పితే మోగే ఆర్గన్లు తయారుచేసేవాడు. సిట్కా చర్చి గోపురానికి అప్పట్లో పెట్టిన గడియారమూ ఆయన చేతి పనేనంటారు. అట్కా నెత్స్వెతోవ్‌ను యూకాన్ నది వైపు, యూపిక్ జనంలోకి పంపింది కూడా ఈ రోజుల్లోనే.

సైబీరియాలోని యాకూతియా తన పీఠంలో చేరాక మకాం యాకూత్స్క్‌కు మార్చాడు. అక్కడ పనితీరు మారింది. వయసు మీదపడింది, భాష కొత్తది. తానే కలం పట్టకుండా దిమిత్రియాన్ ఖిత్రోవ్ అనే పాదిరి ఆధ్వర్యంలో అనువాద సంఘం వేశాడు.  1859 జూలై 19న యాకూత్స్క్ ట్రినిటీ చర్చిలో తొలిసారి యాకూత్ భాషలో ఆరాధన జరిగింది. జరిపించింది ఇన్నొకెంటి. అది ముగిశాక యాకూత్ పెద్దలు ఆయన దగ్గరికి వచ్చి, ఇకమీదట ఏటా ఆ రోజును పండుగ చేయమని అడిగారు.